కవర్ లోపలి కళ్లజోడు

పోయిన వారం మనం కళ్లజోళ్ల పిల్లని మేనమామ షెడ్డులో, విప్పిన ఇంజను ముందు నోరు తెరిపించి నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ అలాగే నిలబడి ఉంది. దారిలో వచ్చి కలిసినవాళ్లకి నాలుగు ముక్కల్లో సంగతి ఇదీ. నాన్న నడిపిన ఎర్ర మోటారుసైకిలు మీదే ఈ పిల్ల ఊళ్లు తిరిగి, జనానికి కళ్లు పరీక్ష చేసి, అద్దాలు బిగించి ఇస్తుంది. ఆ బండి గేర్ల పళ్లు రాలిపోయాయి. ఆ మోడలు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకని అదే మోడలులో ఇంకా నాలుగేళ్లు పాతదైన నల్లబండిని, మోకాళ్ల నొప్పులతో ఉద్యోగం మానేసిన కాన్పుల నర్సమ్మ దగ్గర కొనుక్కుంది. నల్లబండిని విప్పి, పనికొచ్చేవన్నీ ఎర్రబండిలో వేసుకోవాలన్నది ఆలోచన. మేస్త్రి మామయ్య నల్లబండి క్లచ్ కవరు ఊడదీసి బల్ల మీద బోర్లించాడో లేదో, లోపలివైపు జిడ్డు కింద గీతలు బయటపడ్డాయి. కళ్లజోడు బొమ్మ. ఎడమ అద్దం పెద్దది, కుడి అద్దం చిన్నది.

అది ఆ పిల్ల తన ఏడో ఏట గీసిన బొమ్మ. గీసింది ఈ షెడ్డులోనే, గాజు మీద గుర్తులు పెట్టడానికి నాన్న వాడే వజ్రపు ములికి కలంతోనే. కాకపోతే గీసింది ఈ నల్లబండిలో కాదు. నాన్న ఎర్రబండిలో.

"మామయ్యా, ఇది నేను గీసింది," అంది.

మామయ్య గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన వేలినే మళ్లీ తుడిచాడు. "పిల్లలన్నాక అందరూ కళ్లజోళ్లు గీస్తారే బుడ్డీ."

"ఇంజను లోపలా?"

ఆ బొమ్మ సంగతి ఆయన పూర్తిగా మర్చిపోయాడు. గుర్తుండి ఉంటే మేనకోడల్ని ఏ గాస్కెట్టుకో బజారుకు పంపి అప్పుడు విప్పేవాడు. ఎన్ని వేల బోల్టులు గుర్తుపెట్టుకున్న బుర్రో అది, ఒక్క చిన్నపిల్ల గీతల దగ్గర దొరికిపోయింది.

కళ్లజోళ్ల పిల్ల ఊరుకునే రకం కాదు. సంచిలోంచి బండి కాగితాలు తీసింది. ఇంజను కింది అంచు మీద పెట్రోలు ముంచిన గుడ్డతో రుద్ది, కళ్ల పరీక్షకి వాడే భూతద్దం ఆనించి అంకెలు చదివింది. చివరి నాలుగు, 4107. ఎర్రబండి కాగితాల్లో ఉన్న నంబరు కూడా అదే. గోడవారగా నిలబెట్టిన ఎర్రబండి దగ్గరికి వెళ్లి దాని ఇంజనూ రుద్ది చూసింది. అక్కడ వేరే అంకెలు ఉన్నాయి. ఇన్నేళ్లుగా తను తొక్కుతున్న బండిలో ఉన్నది నాన్న ఇంజను కాదన్నమాట.

వాళ్లింట్లో పందొమ్మిదేళ్లుగా ఒక గొడవ నలుగుతూనే ఉంది. ఒకరోజు సాయంత్రం నాన్న బండి సందు మలుపు తిరుగుతుంటే, మిషను కుడుతున్న అమ్మ పాదం ఆపి, "ఇది మన బండి చప్పుడు కాదే," అంది. ఆ వారంలోనే బండి కొండదారి ఎక్కడం మానేసింది. నాన్న పైపేటకి వెళ్లాల్సినప్పుడల్లా సగం దారిలో దిగి, అద్దాల పెట్టెతో సహా బండిని తోసుకుంటూ వెళ్లేవాడు. బండి విప్పింది మేస్త్రి ఒక్కడే. ఇంకేముంది, మంచి ఇంజను తీసేసి డొక్కు ఇంజను బిగించాడని అమ్మ తేల్చేసింది. మేస్త్రి అంటే ఎవరో కాదు, అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట లేదు. నాన్న పోయినప్పుడు కూడా ఆయన గుమ్మం బయటే నిలబడి, బయట్నుంచే వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో మామయ్య తరఫున వాదించే మనిషి ఈ పిల్ల ఒక్కతే. నాన్న పోయాక బండి నడపడం, విప్పడం, బిగించడం నేర్పింది ఆయనే. సంపాదించుకునే దారి చూపించింది ఆయనే. ఆయన దొంగ కాదని అమ్మతో ఎన్నిసార్లు దెబ్బలాడిందో లెక్కలేదు. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

"అయితే అమ్మ అన్నది నిజమేనా?" అంది చివరికి. "నాన్న ఇంజను తీసి నర్సమ్మగారి బండిలో పెట్టింది నువ్వేనా?"

"నేనే," అన్నాడు మామయ్య.

షెడ్డులో పైకప్పు రేకు ఎండకి టప్పుమంది. మామయ్య పాత టైరు మీద పలక వేసి చేసుకున్న పీట లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న డబ్బా మేనకోడలి వైపు జరిపాడు. ఆ పిల్ల కూర్చోలేదు.

"నేనే తీశాను, నేనే బిగించాను. కానీ చెయ్యమన్నది మీ నాన్న."

"నాన్నా?"

"అప్పుడు నర్సమ్మ బండి ఇంజను పగిలిపోయింది. అతుకు పెట్టించి బతికించాను గానీ, చదును మీద నడుస్తుందంతే, ఎత్తు ఎక్కదు. ఆవిడ పనంతా పైపేటల్లోనే. కంపెనీకి రాస్తే రెండు నెలలు పడుతుందన్నారు. అదే పూట మీ నాన్న వచ్చాడు. అన్నీ విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా? 'బావమరిదీ, నేను ఇవాళ కాకపోతే రేపు ఇచ్చినా కళ్లజోడు కళ్లజోడే. ఆవిడ రేపు వెళ్తే ఏముంటుందోయ్ అక్కడ? నాది తీసి ఆవిడకి పెట్టు. రెండు నెలలేగా, నేను తోసుకుంటాలే' అన్నాడు."

కళ్లజోళ్ల పిల్ల ఇప్పుడు డబ్బా మీద కూర్చుంది.

"రెండు నెలలకి పార్టు వస్తుందనుకున్నాం, కంపెనీ మూతపడ్డ కబురు వచ్చింది. ఇక వెనక్కి తీసుకోవడానికి మీ నాన్నకి మనసొప్పలేదు."

"మరి అమ్మకి చెప్పొచ్చుగా!"

"మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానుతుందా? మర్నాటికి నర్సమ్మకి తెలిసిపోయేది. తెలిస్తే ఆవిడ ఒక్క పూట ఉంచుకునేది కాదు, తెచ్చి మీ గుమ్మంలో పెట్టేది. మీ నాన్న చెప్పబోయాడే, కాదనను. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. అక్క తిట్లు నాకు చిన్నప్పట్నుంచీ అలవాటేలే బావా, నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటుంది అన్నాను." మామయ్య నవ్వాలని చూశాడు, నవ్వు సగంలో ఆగింది. "నాలుగు రోజులు అనుకున్నాను."

ఆ పిల్లకి నాన్న మీద ఒక్కసారిగా కోపం, ప్రేమ రెండూ ముంచుకొచ్చాయి. ఎండలో బండి తోసుకుంటూ వచ్చి, చెమట తుడుచుకుంటూ, భార్య అనే మాటలకి నవ్వి ఊరుకునే నాన్న కళ్లముందు నిలిచాడు. అంత మంచిపని చేసిన మనిషి, ఆ నింద మటుకు బావమరిది నెత్తిన ఎలా ఉంచగలిగాడో అర్థం కాలేదు.

"ఇంకో మాట కూడా చెప్పేస్తాను," అన్నాడు మామయ్య నేల చూస్తూ. "ఇంజను మార్చినట్టు నర్సమ్మకి చెప్పలేదు, బాగుచేశానన్నాను. ఆవిడ మొదటిసారి పైపేట దాకా ఆగకుండా వెళ్లొచ్చి, 'మీ చేతిలో ఏదో ఉందండీ' అంది. ఆ మాట నేను దిద్దుకోలేదే. అప్పుడు మా ఇద్దరికీ సంబంధం మాట్లాడుతున్నారు. ఆవిడ అలా అంటే నాకు బాగుండేది. తర్వాత ఎందుకో, వద్దని కబురు పంపింది. మళ్లీ ఈ షెడ్డు గడప తొక్కలేదు. చెయ్యని పనికి మెప్పు తీసుకున్నందుకు తగిన శాస్తే అనుకున్నాను."

తన మామయ్య పెళ్లి చేసుకోకపోవడానికి వెనక ఒక మనిషి ఉందని ఆ పిల్లకి ఇన్నాళ్లూ తెలియదు. నల్లబండి తాళాలు చేతికిచ్చేటప్పుడు నర్సమ్మ, "ఎవరి దగ్గర విప్పిస్తావు?" అని అడగడం, మామయ్య పేరు చెప్పగానే మొహం పక్కకి తిప్పుకుని, "మంచిది, ఆయన చెయ్యి మంచిది," అనడం ఇప్పుడు గుర్తొచ్చాయి.

లేచి వెళ్లి మామయ్య చేతులు రెండూ పట్టుకుంది. గోళ్లలో గ్రీజు నల్లగా ఇంకిపోయిన చేతులు. "నువ్వు మాకు ఎంత చేశావు మామయ్యా," అంది. అంతకంటే మంచి మాట దొరకలేదు. దొరకనందుకు ఏడుపొచ్చింది. ఆయనకి కూడా వచ్చింది గానీ, పెట్రోలు ఘాటు కళ్లకి తగిలిందని ముందే చెప్పేశాడు.

ముక్కులు చీదుకోవడం అయ్యాక పని మొదలైంది. ఇక గేర్లు మాత్రమే తీసి వెయ్యడం కాదు, ఇంజనుకి ఇంజనే ఎత్తి ఎర్రబండిలో పెట్టాలని నిశ్చయించుకున్నారు. కవరు మూసే ముందు ఆ పిల్ల బొమ్మని శుభ్రంగా తుడిచింది. చైను విప్పారు, కేబుళ్లు ఊడదీశారు. ముందు బోల్టులు మర్యాదగానే వచ్చాయి. వెనక పొడుగు బోల్టు మాత్రం కొత్త అల్లుడిలా బిగుసుకుని, గంటసేపు బతిమాలించుకుని గానీ కదల్లేదు. నల్లబండి సీటు కింద పనిముట్ల పెట్టె ఒకటుంది. నర్సమ్మ ఇచ్చిన రెండు తాళాల్లో చిన్నది దానిదే అయి ఉండాలి, కానీ ఎంత తిప్పినా తిరగలేదు. తుప్పు పట్టి ఉంటుందిలే, తర్వాత చూద్దామని మామయ్య ఆ తాళం జేబులో వేసుకున్నాడు.

నాలుగు గంటలకి ఆ పిల్ల ఎర్రబండికి కిక్ కొట్టింది. మూడో కిక్‌కి అందుకుంది. నిండైన చప్పుడు, మధ్యమధ్యలో గొంతు సవరించుకున్నట్టు చిన్న తడబాటు. చిన్నప్పుడు నాన్న వచ్చే వేళకి చెవులు రిక్కించుకుని విన్న చప్పుడు అది. మామయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"అమ్మకి ఇప్పుడు చెప్పనా?" అని అడిగింది.

"చెప్పనని మీ నాన్నకి మాటిచ్చింది నేను. నువ్వు ఇవ్వలేదుగా," అన్నాడు ఆయన. ఆ పిల్ల బయల్దేరేసరికి నల్లబండి సీటు ఎత్తి, ఆ మొండి పెట్టె తాళంలో కిరసనాయిలు చుక్కలు వేస్తున్నాడు.

ఇంటి సందులోకి ఇంకా తిరగనేలేదు, అమ్మ గుమ్మంలో ఉంది. మెళ్లో కొలతల టేపు, వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు, పంటి కింద సగం కొరికిన దారం. కూతురు బండి ఆపబోతుంటే, "ఆపకు," అంది. మెట్లు దిగి వచ్చి, దారం ఉమ్మేసి, వేడెక్కుతున్న ఇంజను దగ్గరగా అరచెయ్యి పెట్టి నిలబడింది. అలా ఎంతసేపు నిలబడిందో. తర్వాత తనే వంగి తాళం తిప్పేసింది.

"ఎక్కడ దొరికింది?"

కళ్లజోళ్ల పిల్ల మొదట్నుంచీ చెప్పింది. బొమ్మ, నంబరు, నాన్న అన్న మాట, మామయ్య చెయ్యి పట్టుకుని ఆపడం. అమ్మ మధ్యలో ఒక్క మాట అనలేదు. ఆవిడ విషయంలో అది వింతే.

"నేను వేరే షెడ్డుకి వెళ్తున్నానని నీతో అబద్ధం చెప్పేదాన్నమ్మా," అంది కూతురు చివర్లో. "మామయ్య దగ్గరికే వెళ్లేదాన్ని."

"తెలీదనుకున్నావా? కుట్టగా మిగిలిన ముక్కలు మూట కట్టి ఇస్తానే నీకు, నూలువి వేరే, నైలానువి వేరే ఏరి కడతాను. నైలాను జిడ్డు పీల్చదని నాకు చెప్పిందెవరు? మా తమ్ముడే. ఆ నూలు మూట ఎక్కడికి పోతుందో నాకు తెలుసే."

అమ్మ మెట్టు మీద కూలబడింది. ముందు నాన్నని తిట్టింది. "ఒక్క మాట చెప్పడానికి ఆ మనిషికి నోరు లేదా? నేను కాదంటానా? నెత్తిన పెట్టుకుని నేనే మోసుకెళ్లి ఇచ్చేదాన్ని ఆ ఇంజను," అంది. తర్వాత గొంతు మారిపోయింది. "నా తమ్ముడు... నేను ఎన్నేసి మాటలన్నానే వాణ్ణి. అన్నీ పడ్డాడు. మీ నాన్న పరువు కోసం, ఎవరో పేటల్లో కాన్పులు ఆగకూడదని, పడ్డాడు. ఆ పైపేట పిల్లలు ఎంతమందికి చొక్కాలు కుట్టాను! ఏ తల్లి చెయ్యెత్తి దండం పెట్టినా నర్సమ్మకే పెట్టింది. ఆ దండాల్లో మీ నాన్నకీ వాడికీ వాటా ఉందని నాకు ఇవాళ తెలిసింది."

"అయితే పద, మామయ్య దగ్గరికి వెళ్దాం. నువ్వొస్తే చాలు ఆయనకి."

అమ్మ కదల్లేదు. వేలి తొడుగు తీసి, పెట్టి, మళ్లీ తీసింది.

"నర్సమ్మ ఎందుకు వద్దందో వాడికి తెలీదన్నాడు కదూ?"

"తెలీదన్నాడు."

"నాకు తెలుసు. నేనే వెళ్లి చెప్పాను." అమ్మ కూతురి మొహం చూడకుండా మాట్లాడుతోంది. "ఆస్పత్రికి వెళ్లి, కాన్పుల వార్డు బయట బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను. మా తమ్ముడు దొంగ, సొంత బావ బండిలో ఇంజనే మాయం చేసి అమ్ముకున్నాడు, అలాంటి వాణ్ణి చేసుకుని నువ్వేం సుఖపడతావు అని. ఆవిడ బండి తాళం వేళ్ల మధ్య తిప్పుకుంటూ కూర్చుంది. ఆ బండిలోనే ఉందే ఆ ఇంజను!"

ఆ పిల్లకి తల్లిని ఓదార్చాలనీ ఉంది, నిలదీయాలనీ ఉంది. చివరికి బండి తిప్పి నిలబెట్టింది.

"ముందు మామయ్య దగ్గరికేనా?"

"కాదు. వాడు నన్ను చూడగానే క్షమించేస్తాడు, వాడి సంగతి నాకు తెలీదా. కష్టమైన గుమ్మం ముందు ఎక్కాలి. నర్సమ్మ ఇంటికి పోనియ్."

నాన్న పోయిన తర్వాత అమ్మ ఆ బండి ఎక్కడం ఇదే మొదటిసారి. కూతురి భుజం మీద చెయ్యి వేసి, దారి పొడుగునా వదల్లేదు. నర్సమ్మ ఇంటికి ముందు చిన్న ఎత్తు ఉంది. నిన్నటిదాకా ఉన్న డొక్కు ఇంజనుతో అయితే దిగి తొయ్యాల్సిందే. బండి ఆ ఎత్తుని అసలు పట్టించుకోలేదు, పాడుకుంటూ ఎక్కేసింది. "అబ్బ," అంది అమ్మ వెనక నుంచి, చిన్నపిల్లలా.

వాళ్లు మలుపు తిరిగేసరికి గేటు తెరిచి ఉంది. నర్సమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది. పందొమ్మిదేళ్లు ఆ చప్పుడు మీద కూర్చున్న మనిషికి వేరే పిలుపు అక్కర్లేకపోయింది. ఎర్ర ట్యాంకుని, దాని కింద ఇంజనుని, వెనక కూర్చున్న మనిషిని వరసగా చూసింది.

అమ్మ దిగింది. మెళ్లో టేపు అలాగే ఉంది. చేతులు జోడించింది. "నర్సమ్మగారూ, ఆ రోజు బెంచీ మీద నేను మీకు అబద్ధం చెప్పాను. నిజమనుకునే చెప్పాను గానీ, అబద్ధమే. మా తమ్ముడు దొంగ కాదు. ఆ ఇంజను..."

"నా బండిలోనే ఉండేది," అంది నర్సమ్మ. "తెలుసమ్మా."

అమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"నాలుగేళ్ల నుంచి తెలుసు. మీవారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నన్ను పిలిపించుకుని చెప్పారు. మీ తమ్ముడి మీద ఉన్న నింద దించకుండా పోతున్నానని ఏడ్చారు. నేను మీ ఇంటికీ రాలేదు, ఆయన షెడ్డుకీ వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? విన్న మాట నిజమా అని ఒక్కసారైనా ఆయన్ని అడక్కుండా వద్దన్నదాన్ని." నర్సమ్మ గేటు వదిలి ముందుకి వచ్చి అమ్మ చేతులు పట్టుకుంది. "ఆ ఇంజను మీద వెళ్లి ఎంతమంది బిడ్డల్ని బయటికి తీశానో నా పుస్తకంలో రాసి ఉంది. అది మీ ఇల్లు చేరాలి. ఊరికే ఇస్తే మీ అమ్మాయి తీసుకోదు. అందుకే పార్టుల బండి కావాలని అడుగుతోందని తెలిసి, ఇదుగో నా దగ్గరుందని కబురు పెట్టాను. మేస్త్రిగారు విప్పుతారనే అమ్మాను."

కళ్లజోళ్ల పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి కొన్నది తనే అనుకుంటోంది ఇంతవరకూ.

నర్సమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. అంతసేపూ నిబ్బరంగా ఉన్న మొహంలో ఇప్పుడు కొత్త కంగారు కనిపించింది.

"ఇంజను ఒక్కటే విప్పారా అమ్మా? సీటు కింద పెట్టె తెరవలేదు కదా? ఆయనకని రాసుకున్న ఉత్తరం దాంట్లో మర్చిపోయాను."

"తాళం తిరగలేదండీ," అంది ఆ పిల్ల. వెంటనే గుర్తొచ్చింది. "నేను వచ్చేటప్పుడు మామయ్య దాంట్లో కిరసనాయిలు వేస్తున్నాడు."

నర్సమ్మ చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి, వచ్చి బండి వెనక ఎక్కి కూర్చుంది.